ఓనరు భక్తికీ కౌంటరు మర్యాదకీ సంబంధం ఉందంటారా?

కూకట్‌పల్లి అమ్మమ్మ:
మా అమ్మాయి అట్లాంటాలో ఉంటుంది. కిందటేడు వెళ్లినప్పుడు ఒక ఆదివారం మనవడు గొడవ చేస్తే చిక్-ఫిల్-ఎ అనే చికెన్ హోటల్ చెయిన్‌కి వెళ్లాం. మూసేసి ఉంది. ఓనర్లు బాప్టిస్టులట (క్రైస్తవుల్లో ఒక శాఖ), ఆదివారం బేరమే పెట్టుకోరట. సెలవురోజు బేరం వదులుకునే వ్యాపారిని అప్పుడే చూశాను. మర్నాడు వెళ్తే, నాప్‌కిన్లు మూడోసారి అడిగినా ఆ కుర్రాడు నవ్వుతూ "మై ప్లెజర్" అన్నాడు.

ఇక మన ఊరు. మొన్న శనివారం, మా ఇంటి దగ్గర మాల్‌లో ఒక పెద్ద చెయిన్. పేరెందుకులెండి. శనివారాలు నేను నీచు ముట్టను, వెంకన్న మొక్కు. పనీర్ బర్గర్ అడిగాను. ఒక్క ముక్క కొరకగానే నాలిక్కి తెలిసిపోయింది. కాగితం మీద పనీర్ అన్నచోటే పెన్నుతో టిక్కు ఉంది, లోపల చికెన్! వెళ్లి అడిగితే ఆ అబ్బాయి తలెత్తకుండా "యాప్‌లో కంప్లయింట్ పెట్టండి మేడమ్" అన్నాడు. నోరు పుక్కిలించడానికి నీళ్లడిగితే బాటిల్ కొనుక్కోమన్నాడు. దేవుడంటే భయమున్న ఓనరైతే ఇలా జరగదేమో?

జార్జియా బాబాయ్:
అమ్మా, నేనిక్కడ పదిహేనేళ్లకు పైగా ఉంటున్నా. చిక్-ఫిల్-ఎ పెట్టిన ట్రూయెట్ క్యాథీ 1946లో అట్లాంటా పక్కనున్న హేప్‌విల్‌లో మొదటి హోటల్ పెట్టినప్పటి నుంచీ ఆదివారం సెలవే. భక్తి ఉంది, కాదనను. కానీ అప్పట్లో అది మిగతా రోజులు 24 గంటలూ నడిచే హోటల్, ఒంటికి కూడా ఒక రోజు కావాలి కదా. మీకు నచ్చిన "మై ప్లెజర్" బైబిల్లోది కాదు, రిట్జ్ కార్ల్‌టన్ అనే ఖరీదైన హోటల్లో విని ముచ్చటపడి తెచ్చుకున్నది. అసలు కిటుకు వేరే. ఆపరేటర్, అంటే ఒక్కో కొట్టు నడిపేవాడు, కట్టేది 10,000 డాలర్లే, కొట్టు కంపెనీ కట్టిస్తుంది, కానీ దగ్గరుండి నడపాలి. డబ్బు పెట్టి ఇంట్లో కూర్చుంటానంటే ఇవ్వరు.

ఆ భక్తి అందరికీ తీపి కాదు కూడా. 2012లో ఆయన కొడుకు డాన్ స్వలింగ వివాహాల మీద మాట్లాడిన మాటలకి మా టీంలో ఇద్దరు అక్కడ తినడం మానేశారు, ఇప్పటికీ వెళ్లరు. కాలిఫోర్నియా బర్గర్ చెయిన్ ఇన్-ఎన్-అవుట్ వాళ్లది ఇంకో పద్ధతి, గ్లాసు అడుగున యోహాను 3:16 అని బైబిల్ వాక్యం నంబరు ఉంటుంది. తిరగేస్తే తప్ప కనపడదు.

మాజీ కౌంటర్ కుర్రాడు:
ఆంటీ, అమీర్‌పేటలో అలాంటి చోటే రెండేళ్లు చేశా. ఆర్డర్ పడ్డాక స్క్రీన్ మీద సెకన్లు పరిగెడుతుంటాయి, లేటైతే ఎర్రబడుతుంది. ఇటు డెలివరీ అన్నలు నంబర్లు అరుస్తుంటారు. వెజ్‌కి వేరే గరిటె, వేరే చోటు అని రూలే. శనివారం సాయంత్రం రష్‌లో మాత్రం చుట్టేవాడు ఒక్కడే. మా ఓనరు కూడా మహా భక్తుడు. కొబ్బరికాయ కొట్టిన రోజు కనిపించాడు, మళ్లీ చూడలేదు. నీళ్ల విషయంలో మాత్రం ఆ అబ్బాయిదే తప్పు, మేం గ్లాసులో పోసిచ్చేవాళ్లం.

మెహదీపట్నం చాయ్:
మా నాన్నది ఇరానీ హోటల్. ఐదు పూటలా నమాజు, మిగతా టైమంతా కస్టమర్లతో పోట్లాట! చాయ్ లేటైందంటే "జల్దీ ఉంటే ఇంట్లో తాగండి" అనేవారు. కానీ ఉస్మానియా బిస్కెట్ మెత్తబడిందంటే చాలు, గల్లా దగ్గర్నుంచి లేచొచ్చి తనే ప్లేటు మార్చేవారు.

కూకట్‌పల్లి అమ్మమ్మ:
కొబ్బరికాయ మాటకి నవ్వాగలేదు బాబూ. నిన్న అటువైపు వెళ్తూ తొంగి చూశాను. ఆ అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. మేనేజరేడీ అంటే రెండు బ్రాంచీలు చూసుకుంటాడట. నా డబ్బులు ఇంకా రాలేదు.