చిప్‌లో ఊగుతున్న ఈ బుడగ కావిటేషనేనా?

తరమణి_కుర్రాడు:
అందరికీ నమస్కారం. చెన్నైలో పీహెచ్‌డీ రెండో ఏడు. గాజు స్లైడు మీద పీడీఎంఎస్ (మెత్తటి సిలికోన్ రబ్బరు) చిప్, అందులో ద్రవం పారే సన్నటి చానెల్ ఎత్తు 100 మైక్రాన్లు. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో కొన్న పియెజో డిస్క్‌ని (కరెంటిస్తే కంపించే బిళ్ల) చిప్ పక్కనే ఎపాక్సీ జిగురుతో అంటించి 70 కిలోహెర్ట్జ్ దగ్గర నడుపుతున్నాను. కాసేపటికి చానెల్ మూలన బుడగ కనబడుతుంది. అది ఊగుతుంటే దగ్గరున్న జీవకణాలు గిర్రున తిరుగుతాయి. మైక్రోస్కోప్ ఐపీస్‌కి ఫోన్ ఆనించి వీడియో తీశాను. కణాల పొరకు చిల్లులు పెట్టి డీఎన్‌ఏ లోపలికి పంపడం నా పని. గురువారం రివ్యూలో ‘కావిటేషన్ (పీడనం పడిపోయి నీళ్లలో బుడగలు పుట్టి కూలడం) వచ్చింది’ అని చెప్పేయొచ్చా? టెన్షన్‌గా ఉంది.

యశ్వంత్‌పూర్_పాతకాపు:
చెప్పకు తమ్ముడూ. ఫోన్ వీడియోలో నిలబడి కనిపించిందంటేనే నాకు అనుమానం. పీడనం పడిపోయి నీళ్లలో పుట్టే ఆవిరి బుడగ అంతసేపు ఉండదు. భౌతికశాస్త్రవేత్త రేలీ 1917లో ఇచ్చిన లెక్క వేసి చూడు: 50 మైక్రాన్ల వ్యాసార్థం ఉన్న బుడగ వాతావరణ పీడనం కింద కూలడానికి దాదాపు 4.6 మైక్రోసెకండ్లు. ఇరుకు చానెల్‌లో ఇంకాస్త ఎక్కువ. సెకనుకి 30 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఒక్కో ఫ్రేమే 33 మిల్లీసెకండ్లు!

నీది గాలి బుడగ. బఫర్ (కణాలు ఉంచే ద్రావణం) ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పంపు చేస్తున్నావా? చల్లటి నీళ్లలో గాలి ఎక్కువ కరిగి ఉంటుంది, చిప్‌లోకొచ్చి వేడెక్కగానే బయటపడుతుంది. పియెజో వేడి దానికి తోడు.

అయినా దాన్ని తరిమేయకు. మిన్నార్ట్ సూత్రం (1933) ప్రకారం నీళ్లలో గాలి బుడగ వ్యాసార్థాన్ని దాని సహజ పౌనఃపున్యంతో గుణిస్తే సెకనుకి సుమారు 3.26 మీటర్లు వస్తుంది. 70 కిలోహెర్ట్జ్‌కి వ్యాసార్థం 47 మైక్రాన్లు, వ్యాసం దానికి రెట్టింపు, అంటే నీ చానెల్ ఎత్తుకి దాదాపు సరిపోయే బుడగ. గోడలు దగ్గరుంటే లెక్క కొంచెం జరుగుతుంది గానీ, అది అంతలా ఊగడానికి కారణం ఇదే అయ్యుండాలి. ఆ సుడులనే మైక్రోస్ట్రీమింగ్ అంటారు. వాటి ఒరిపిడికే కణం పొర తెరుచుకోవచ్చు, బుడగ కూలక్కర్లేదు. నన్నడిగితే నీ పనికి అదే మేలు. గాజు గోడ దగ్గర బుడగ కూలితే గోడ వైపు సన్నటి జెట్ దూసుకెళ్తుంది, దారిలో ఉన్న కణం చిరిగిపోతుంది. బ్యాక్టీరియాని పగలగొట్టి డీఎన్‌ఏ బయటికి తీసేవాళ్లకి అది కావాలి. నీకెందుకు?

కణాల_అక్క:
బుడగ పేరు ఏదైనా కానీ, చిల్లు పడిందో లేదో ముందు చూడు. పియెజో ఆన్ చేసేముందే ప్రొపిడియం అయొడైడ్ అనే రంగు కలుపు. పొర తెరుచుకున్న కణాల్లోకే అది వెళ్లి ఎర్రగా మెరుస్తుంది. పొర మూసుకోవడానికి టైమిచ్చి తర్వాత కాల్సీన్ ఏఎం అనే ఇంకో రంగు వెయ్యి, బతికున్నవి పచ్చగా కనిపిస్తాయి. ఎరుపూ పచ్చా రెండూ ఉన్న కణాలే నీ ఫలితం. పియెజో ఆఫ్‌లో పెట్టిన కంట్రోల్ (పోల్చి చూసే నమూనా) లేకుండా రివ్యూకి వెళ్లొద్దు, బాబూ.

తరమణి_కుర్రాడు:
ఫ్రిజ్ సంగతి నిజమే అన్నా, అలాగే చేస్తున్నా. హైస్పీడ్ కెమెరా మా దగ్గర లేదు. కావిటేషన్ ఉందో లేదో వేరే దారిలో తేల్చలేమా?

యశ్వంత్‌పూర్_పాతకాపు:
చెవితో తేల్చొచ్చు. చిప్ అవతలి వైపు ఇంకో డిస్క్ అంటించి ఆసిలోస్కోప్‌కి కలిపి ఎఫ్‌ఎఫ్‌టీ (ధ్వనిలో ఏ పౌనఃపున్యం ఎంతుందో చూపే గ్రాఫ్) చూడు. 70 కిలోహెర్ట్జ్‌తో పాటు అందులో సగం, 35 దగ్గర కూడా గీత లేస్తే బుడగ కూలకుండా గట్టిగా ఊగుతున్నట్టు. గ్రాఫ్ అడుగు మొత్తం, అన్ని పౌనఃపున్యాల దగ్గరా, రొదలా పైకి లేస్తే కూలుతున్నట్టు. ఖాళీ చిప్‌తోనూ ఓసారి తీసి పెట్టుకో, పియెజోని నడిపే సర్క్యూట్ గోల ఎంతో అందులో తెలిసిపోతుంది. ఎపాక్సీ ఆరాలిగా, డిస్క్ ఇవాళే అంటించు.