సమస్యాపూరణం: "గెలిచినపుడె జట్టు గెలుపు మరచె"

యతిప్రాస:
అందరికీ నమస్కారం. ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్ మేనేజర్‌ని పంపించేసి ఇంటరిమ్ (తాత్కాలిక మేనేజర్) అని ఒకాయన్ని కూర్చోబెట్టింది, రాత్రి నుంచి మనవాళ్ళంతా ఒకటే గొడవ, వాళ్ళ ఫ్యాన్స్ ఏమో ఆశపడుతున్నారు, పక్క క్లబ్‌ల వాళ్ళేమో పండగ చేసుకుంటున్నారు. క్లబ్ పేరు నేను రాయను, రాస్తే పద్యాలు పక్కకి పోయి తిట్లు మొదలవుతాయి. అందుకే ఈ వారం సమస్య ఇది:

గెలిచినపుడె జట్టు గెలుపు మరచె

ఆటవెలది నాలుగో పాదం, అర్థం కుదిరేలా పై మూడు పాదాలు మీరు రాయాలి. ఒకటీ మూడూ పాదాల్లో మూడు సూర్యగణాలు రెండు ఇంద్రగణాలు, రెండూ నాలుగూ పాదాల్లో ఐదూ సూర్యగణాలే, యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి) నాలుగో గణం మొదటి అక్షరం, ప్రాసయతి (దాని బదులు రెండో అక్షరాలు కలవడం) కూడా ఒప్పుకుంటాం. భాష వ్యావహారికమైనా పర్లేదు, బోర్డు, కోచు, లీగు లాంటి మాటలు రావచ్చు. ఒక్కటే షరతు, ఫలానా క్లబ్ అని రాస్తే నిజంగా జరిగిందే రాయాలి. ఇంటరిమ్‌గా వచ్చే మనిషంటే నాకు మొదట్నుంచీ గౌరవం, తను కొన్న ప్లేయర్ ఒక్కడూ ఉండడు, చాలాసార్లు ట్రాన్స్‌ఫర్ విండో (ప్లేయర్లని కొనే గడువు) కూడా మూసే ఉంటుంది, ప్రీ సీజన్ ఉండదు, కుర్చీలో కూర్చున్న రోజు నుంచే తర్వాత ఎవరొస్తారని అడుగుతుంటారు. ఆయన్ని వెక్కిరించే పద్యం కంటే ఆయన పనిని పట్టుకునే పద్యం కావాలి నాకు.

లివర్‌బర్డ్:
మొదటి పూరణ నాదే. పాత విషయమే, 2018 డిసెంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌కి సోల్‌షేర్ ఇంటరిమ్‌గా వచ్చినప్పటిది.

వచ్చినట్టి వాడు వరుసగా నెనిమిది
గెలువగానె కుర్చి గిఫ్టు చేసె
బోర్డు, సంబరమ్ము పూర్తిగాకుండానె
గెలిచినపుడె జట్టు గెలుపు మరచె

ఎర్రదెయ్యం:
పద్యం బాగుంది బ్రో, ఒప్పుకుంటా, కానీ షరతు ప్రకారం లెక్క చూద్దాం. వరుసగా ఎనిమిది గెలిచింది కరెక్టే, తొమ్మిదోది బర్న్‌లీతో 2-2 డ్రా. పర్మనెంట్ చేసింది 2019 మార్చి 28న, అంటే మధ్యలో పారిస్‌లో 3-1 గెలిచి పీఎస్‌జీని ఛాంపియన్స్ లీగ్ నుంచి బయటికి పంపిన రాత్రి కూడా ఉంది, ఎనిమిది అయిన వెంటనే ఏం ఇవ్వలేదు. ఇంకోటి, సంతకం అయ్యాక మొదటి మ్యాచ్ వాట్‌ఫర్డ్ మీద 2-1 గెలిచాం. ఆ తర్వాత పడ్డాం, నిజమే. ఎవర్టన్ దగ్గర 0-4, ఆఖరి మ్యాచ్ మా సొంత గ్రౌండ్‌లో కార్డిఫ్ చేతిలో 0-2. ఆయన మొదటి మ్యాచ్‌లో 5-1 కొట్టింది కూడా ఆ కార్డిఫ్‌నే, ఆ రెండు స్కోర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. కానీ 2020-21లో రెండో ప్లేస్‌కి తెచ్చింది కూడా ఆ మనిషే కదా, ఆ మాట ఎవరూ అనరు.

యతిప్రాస:
గణాలు, యతులు అన్నీ కుదిరాయి. రెండో పాదంలో గె-గి, మూడో పాదంలో బో-పూ, రెండూ సరైన మైత్రే. "కుర్చీ" అని దీర్ఘం పెడితే రెండు గురువులై గణం చెడేది, "కుర్చి" అని కుదించడం తెలిసి చేసిన పనే. "గెలువగానె" అన్నదానికి ఎర్రదెయ్యం గారి అభ్యంతరం న్యాయమే గానీ, పద్యంలో నాకు నచ్చింది వేరే. "గెలిచినపుడె" అంటే మ్యాచ్ కాదు, కుర్చీని గెలిచినప్పుడు అని అర్థం వస్తోంది. ముడి విప్పిన చోటు అదే. ఆ మాట ఇంకొంచెం తేటగా వినపడాలి, ఇప్పుడైతే నేను చెప్తే గానీ తెలియట్లేదు.

నీలిసింహం:
చెల్సీ వాణ్ణి నేను, ఇంటరిమ్‌ల గురించి మాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు గురూ, 2009లో హిడింక్ వచ్చి ఎఫ్ఏ కప్ ఇచ్చి వెళ్ళాడు, 2012 మార్చిలో డి మాటియో, అదే ఏడాది నవంబర్‌లో బెనిటెజ్. నా పూరణ:

మ్యూనికందు నాడు మురిసి కప్పెత్తిరి
ఆరు నెలలు కాగ తీసేసె వాణ్ణి
కోచులెందరైన గుణపాఠమే లేదు
గెలిచినపుడె జట్టు గెలుపు మరచె

ఆ 2012 మ్యూనిక్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ నేను సౌండ్ బాగా తగ్గించి చూశా, ఇంట్లో అందరూ పడుకున్నారు, 88వ నిమిషంలో మాకు మొదటి కార్నర్ వచ్చింది, మొత్తం మ్యాచ్‌లో అదే మొదటిది, మాటా వేశాడు, ద్రోగ్బా తల పెట్టాడు, నేను దిండు నోట్లో కుక్కుకుని అరిచా. తర్వాత పెనాల్టీల్లో గెలిచాం. మే 19న అది, నవంబర్ 21న డి మాటియోని తీసేశారు. ఇంతవరకూ ఆ రెండో తేదీ నాకు మింగుడు పడలేదు.

యతిప్రాస:
విషయం చాలా బలంగా ఉంది గానీ రెండో పాదం నిలబడలేదండీ. ఆరు, నెలలు, కాగ వరకు సరే, నాలుగో గణం "తీసే" దగ్గర రెండు గురువులు వచ్చాయి, గగం సూర్యగణం కాదు. సూర్యగణమంటే గలం (గురువు, లఘువు) గానీ నగణం (మూడు లఘువులు) గానీ, అంతే. యతి కూడా పోయింది, ఆ-కి తీ-కి ఎక్కడా చుట్టరికం లేదు. ఇలా మార్చి చూడండి:

ఆరు నెలలు కాగ నతని దించె

కాగన్ మీద అతని, ద్రుతసంధితో "నతని" అయింది, లోపల అకారం ఉంది కాబట్టి ఆ-తో యతి చెల్లుతుంది.

ఫిరంగి:
ఒక చిన్న మాట. "కప్పెత్తిరి" తర్వాత పాదం "ఆరు" అని అచ్చుతో మొదలైంది, గ్రాంథికంలో అయితే అక్కడ సంధి అడుగుతారు. వ్యావహారికం కాబట్టి వదిలేస్తున్నా. ఇంకా, ఎవరు దించారు? కర్త కనపడట్లేదు.

నీలిసింహం:
యతిప్రాస గారూ, మార్పు తీసుకున్నా, థాంక్సండీ. కర్త ఎవరో చెల్సీ వాడికి చెప్పక్కర్లేదు ఫిరంగి గారూ, మిగతా వాళ్ళ కోసం ఆలోచిస్తా. నా బాధ ఇంకోటుంది, 2023 ఏప్రిల్‌లో లాంపార్డ్‌ని మళ్ళీ తాత్కాలికంగా పిలిచారు, 11 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, సీజన్ 12వ ప్లేస్‌లో ముగిసింది. ప్లేయర్‌గా ఆయన మాకేం ఇచ్చాడో అందరికీ తెలుసు, అలాంటి మనిషిని రెండు నెలల కుర్చీలో కూర్చోబెట్టి ఆ లెక్క ఆయన పేరు మీద రాయించారు. దాని మీద పద్యం రాయబోయి ఆగిపోయా, రాయబుద్ధి కాలేదు.

ఫిరంగి:
సరే నాది. ఇంటరిమ్ లేకుండానే సమస్య అక్షరాలా నిజమైన సీజన్ ఒకటుంది, మా పొరుగు వాళ్ళు స్పర్స్ (టాటెన్‌హామ్)ది, 2024-25.

కప్పు గెలిచె స్పర్సు ఘనముగా యూరోపు
లోన, లీగులోన లోతుకెళ్ళె,
పట్టికందు గీత పక్కనే నిలుచుండె,
గెలిచినపుడె జట్టు గెలుపు మరచె

కోడిపుంజు:
ఆర్సెనల్ వాడు రాసినా బాగుందనే చెప్పాలి, ఎందుకంటే జరిగింది జరిగినట్టు ఉంది. బిల్బావోలో యునైటెడ్‌ని 1-0 కొట్టి యూరోపా లీగ్ ఎత్తాం, అదే సీజన్ లీగ్‌లో 22 ఓటములు, 38 పాయింట్లు, 17వ ప్లేస్, కింద గీత, అది దాటితే కింది లీగ్‌కి దిగిపోవడమే. కప్పు వచ్చిన 16 రోజులకి మేనేజర్ పోస్టెకోగ్లూని తీసేశారు. ఆ కప్పు కోసం 17 ఏళ్ళు చూశాం అన్నా, 2008 తర్వాత మాకు ఏ ట్రోఫీ లేదు, దాని విలువ 17వ ప్లేస్‌తో తగ్గదు. మీ పద్యంలో "ఘనముగా" అన్న మాట పెట్టారు చూడండి, అందుకు థాంక్స్.

యతిప్రాస:
ఇప్పటిదాకా వచ్చిన వాటిలో సమస్యని ఇంత నేరుగా విప్పింది ఇదే, చమత్కారం ఏమీ అక్కర్లేదు, పట్టిక చూపిస్తే చాలు. "పట్టికందు" మీద ఎవరైనా అడుగుతారేమో, పట్టికయందు అనాలి కదా అని. అత్తునకు సంధి బహుళం, రెండూ చెల్లుతాయి. నా కంప్లయింట్ ఒక్కటే, మనం మాట్లాడుకుంటున్నది ఇంటరిమ్ గురించి, ఈ పద్యంలో ఆ మనిషి లేడు. స్పర్స్‌లోనే ఉన్నారు కదా, 2023లో మేనేజర్ కాంటే వెళ్ళాక స్టెల్లీనిని కూర్చోబెట్టారు, న్యూకాసిల్‌లో 21 నిమిషాల్లో ఐదు గోల్స్ పడ్డాయి, 6-1, మర్నాడే ఆయన కూడా వెళ్ళిపోయాడు. ఇంటరిమ్‌కి కూడా ఇంటరిమ్ అవసరమైంది.

లివర్‌బర్డ్:
ఇంకోటి వేస్తున్నా, ఈసారి ఇప్పటి గొడవ మీద.

గెలువలేని వాళ్ళ కేకలెక్కువ యాయె
పక్కవాని ఏడ్పు పాటలాయె
కలిసిరాని నాడు కారాలు నూరిరి
గెలిచినపుడె జట్టు గెలుపు మరచె

యతిప్రాస:
గణాల్లో ఒక్క తప్పు లేదు, యతులూ శుభ్రంగా ఉన్నాయి, "పక్కవాని ఏడ్పు పాటలాయె" అన్న పాదం విడిగా చదివితే నోట్లో నిలిచిపోతుంది. కానీ ఇది పూరణ కాదండీ. మొదటి మూడు పాదాలు ఫ్యాన్స్ గురించి, నాలుగోది జట్టు గురించి, మధ్యలో ముడి ఎక్కడుంది? గెలిచినప్పుడు గెలుపు మర్చిపోవడం ఏంటి అని చదివేవాడు అడిగితే పై మూడు పాదాల్లో జవాబు దొరకాలి. సమస్యాపూరణంలో మార్కులు పడేది అక్కడే, ఛందస్సు గేటు దగ్గర టికెట్ మాత్రమే. మీ మొదటి పద్యంలో ఆ జవాబు ఉంది, ఇందులో లేదు.

లివర్‌బర్డ్:
అర్థమైంది గురువుగారూ, తొందరపడ్డా.

ఎర్రదెయ్యం:
నాది. 2021 నవంబర్‌లో సోల్‌షేర్ పోయాక యునైటెడ్‌ని క్యారిక్ తాత్కాలికంగా చూసుకున్న మ్యాచ్‌ల మీద. విల్లారియల్‌లో 2-0 గెలుపు, చెల్సీతో 1-1, ఆర్సెనల్ మీద 3-2. ఆ మూడోది అయిన రాత్రే క్లబ్ వదిలేస్తున్నానని చెప్పాడు, 2006 నుంచి ఉన్న మనిషి.

మూడు మ్యాచులందు ముచ్చటగా నిల్పి
పేరు కోరకుండ పెట్టె సర్ది
వెళ్ళినట్టి వాని విలువ తెలియలేక
గెలిచినపుడె జట్టు గెలుపు మరచె

ఫిరంగి:
ఆ 3-2 మా మీదే, అయినా ఈ పద్యానికి నా ఓటు. "పెట్టె సర్ది" దగ్గర ఆగిపోయా. మనిషి కనపడ్డాడు.

నీలిసింహం:
బాగుంది కానీ ఒక సందేహం, క్యారిక్ తర్వాత రాంగ్నిక్ కూడా ఇంటరిమే కదా, సీజన్ చివరికి 58 పాయింట్లు, ఆరో ప్లేస్. మూడు మ్యాచ్‌లు చూసి ఆయన ఉంటే గెలిచేవాళ్ళం అనుకోవడం కరెక్టేనా? క్లబ్‌లు మేనేజర్‌ని తీసేసేదే అన్నీ అడుగంటినప్పుడు, అక్కణ్ణించి ఎవరొచ్చినా కాస్త పైకే కనిపిస్తుంది. 2024లో యునైటెడ్‌కే ఇంటరిమ్‌గా వచ్చిన వాన్ నిస్టెల్‌రాయ్ కూడా నాలుగు మ్యాచ్‌ల్లో మూడు గెలిచాడు, ఒకటి డ్రా. ఇటుపక్క చూస్తే లీడ్స్‌కి 2023లో అలార్డైస్ వచ్చింది నాలుగే మ్యాచ్‌లకి, ఒక్క పాయింట్ వచ్చింది, కింది లీగ్‌కి దిగిపోయారు. ఇంత తక్కువ మ్యాచ్‌లతో మంచోడు చెడ్డోడు అని తేల్చలేం అనిపిస్తుంది నాకు.

ఎర్రదెయ్యం:
ఆయన ఉంటే గెలిచేవాళ్ళం అని నేను అనలేదు నీలిసింహం గారూ, విలువ తెలియలేదు అన్నా. తేడా ఉంది.

యతిప్రాస:
ఉంది, పద్యంలోనూ ఉంది. మూడో పాదంలో "విలువతె / లియలేక" అని గణం మాట మధ్యలో విరిగింది, తప్పేం కాదు, చదివేటప్పుడు మాత్రం "తెలియలేక" కలిపే చదవాలి.

బెంచీవాడు:
కొత్త సభ్యుణ్ణండీ, ఇది నా మొదటి ఆటవెలది, తప్పులుంటే చెప్పండి. ఏ క్లబ్ గురించీ కాదు. మా కాలేజీ టీమ్ కోచ్ మధ్యలో వెళ్ళిపోతే పీఈటీ సార్ మూడు వారాలు చూసుకున్నారు, నేను సబ్‌స్టిట్యూట్‌ని. వరుసగా ఓడిపోతున్న టీమ్ ఒక మ్యాచ్ గెలిచింది, మర్నాడు ప్రాక్టీస్‌కి అందరం నవ్వుకుంటూ వెళ్ళాం, సార్ స్కోర్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, లైన్‌లో నిలబెట్టి ఒక్కొక్కడి దగ్గరా వంగి బూటు లేసు ముడి లాగి చూశారు, నాది కూడా, ఆడని వాడిది కూడా.

నిన్నటాట నిన్న, నేటిదే నేడంటు
బూటు లేసు వద్ద బుద్ధి నిలిపి
వచ్చిపోవువాడె వదలక చెప్పగా
గెలిచినపుడె జట్టు గెలుపు మరచె

ఎర్రదెయ్యం:
అబ్బా.

కోడిపుంజు:
అందరం "గెలుపు మరచె" అంటే ఓడిపోవడం అనే అనుకున్నాం, ఈయన దాన్ని తలకిందులు చేసి మంచి గుణం చేశాడు, గెలిచిన గెలుపుని అక్కడే మర్చిపోయి తర్వాతి మ్యాచ్ చూడటం. సమస్యలో ఒక్క అక్షరం కదల్లేదు, అర్థం మొత్తం మారిపోయింది.

యతిప్రాస:
ఈ సమస్య ఇచ్చినప్పుడు నా మనసులో ఉన్న దారి ఇది కాదు, నేను కూడా ఓటమి వైపే ఆలోచించా. ని-నే, బూ-బు, వ-వ, యతులన్నీ సరిపోయాయి, గణాలు రెండుసార్లు లెక్కపెట్టా, ఎక్కడా జారలేదు. "నేడంటు" బదులు గ్రాంథికంలో "నేడంచు" అంటారు, మార్చక్కర్లేదు, ఆ సార్ మాట్లాడినట్టు "అంటు"నే బాగుంది.

బెంచీవాడు:
థాంక్సండీ. ఒక డౌట్, "వాడె" బదులు "వాడు" పెట్టినా గణం అదే వస్తుంది కదా, సార్‌ని వాడె అంటుంటే నాకే కొంచెం ఇబ్బందిగా ఉంది.

యతిప్రాస:
పద్యంలో వాడు అంటే అగౌరవం కాదండీ, భయపడకండి. ఎత్వం మాత్రం తీయొద్దు. రేపు ఉంటాడో లేడో తెలియని మనిషే లేసు ముడి దాకా వంగి చూశాడన్నది ఆ ఒక్క అక్షరంలోనే ఉంది.