తప్పు తాడు పట్టుకున్నవాడిదా, పట్టుకోమన్నవాడిదా?

ఖాజాగూడ_కోతి:
ఒక పంచాయితీ తీర్చాలి. ఇంజినీరింగ్ ఫ్రెండ్స్ ఇద్దరు వచ్చారు, ఒకడు డల్లాస్ నుంచి, ఒకడు పూణే నుంచి. ముగ్గురం కలిసి పదేళ్ళయింది. రెండు రోజులు బిర్యానీలు తిన్నాక "నువ్వేదో గుట్టలెక్కుతావంట కదా మామా, మమ్మల్నీ తీసుకెళ్ళు" అన్నారు.

ఫిబ్రవరి చివరి వారం. శనివారం పొద్దున్నే ఖాజాగూడలో బౌల్డరింగ్ చేశాం. నిలువెత్తు రాళ్ళు, తాడు లేదు, కింద నా క్రాష్‌ప్యాడ్. పడ్డా పరుపు మీద పడ్డట్టే. పదింటికల్లా రాయి వేడెక్కి వేళ్ళు జారుతుంటే దిగొచ్చేశాం. అందరూ ఖుషీ.

ఆదివారం భువనగిరి వైపు ఒక గుట్టకెళ్ళాం. పేరు రాయను. పేరు రాసిన ప్రతి గుట్ట మీదా మూడు నెలల్లో పెయింటుతో లవ్ గుర్తులు వెలుస్తున్నాయి. యాభై అడుగుల నిలువు రాయి. పైన రెండు చోట్ల విడివిడిగా స్లింగులు (గట్టి పట్టీలు) కట్టి, లాక్ కారబైనర్లు (తాళం పడే కొక్కేలు) పెట్టి, టాప్ రోప్ వేసి కిందికి దిగొచ్చాను. అంటే ఎక్కేవాడి నడుము నుంచి తాడు పైకెళ్ళి, ఆ కొక్కేల మీదుగా కింద పట్టేవాడి దాకా వస్తుంది. డల్లాస్ వాడు ఎక్కాలి. కింద తాడు పట్టే పని, అదే బిలే, ఎవరు చేస్తారంటే పూణే వాడు ముందుకొచ్చాడు. "రెండేళ్ళ నుంచి జిమ్‌లో ఎక్కుతున్నా" అన్నాడు. "బిలే వచ్చుగా?" అన్నా. "వచ్చు" అన్నాడు. నేను పక్కకెళ్ళి వీడియో తీస్తున్నా.

డల్లాస్ వాడి పాదాలు నా నడుమెత్తుకు వచ్చాయో లేదో, కాలు జారింది. తాడు బిగుసుకుంది కానీ వాడు నేల దాకా వచ్చేశాడు. కింద పుచ్చకాయంత రాయి ఒకటి ఉంది, కుడి పాదం సరిగ్గా దాని అంచు మీద పడింది. చీలమండ దగ్గర ఎముకకు సన్నటి చీలిక. తిరుగు ప్రయాణం ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ మీద.

ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపులో పూణే వాడు దోషి. "వాడు తాడు వదిలేశాడు" అని డల్లాస్ వాడి భార్య పెట్టిన మెసేజ్‌కి పదకొండు లైకులు. వీడియోలో మాత్రం పూణే వాడి బ్రేక్ చెయ్యి, అంటే తాడు జారకుండా ఆపే చెయ్యి, కట్టేసినట్టు తాడు మీదే ఉంది. మరి తప్పెవరిది?

నల్లరాయి:
మీదే. ఇందులో పంచాయితీ ఏముంది? "వచ్చా" అని అడగడం కాదు, చేసి చూపించమనాలి. నేను ఉత్తరకాశిలో నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు చేసినప్పుడు, పక్కవాడు మన ముడి, మన బకిల్ తాకి చూస్తేనే రాయి మీద చెయ్యి వెయ్యనిచ్చేవారు. ఎనిమిది ముడి వేయడం నిద్రలో కూడా వచ్చినవాణ్ణయినా సరే. మీరేమో ఒక్క మాట విని ఫోన్ తీశారు.

సుద్దచేతులు:
నల్లరాయి గారూ, ఒక్క నిమిషం. అన్నా, మీ పూణే ఫ్రెండ్ జిమ్‌లో ఎక్కింది దేని మీద? ఆటో బిలేనా?

ఖాజాగూడ_కోతి:
అవును. తర్వాత అడిగితే చెప్పాడు. ఎక్కువగా బౌల్డరింగ్, తాడు అంటే ఆటో బిలే మెషీన్. మనిషికి బిలే ఇవ్వడం మొదట్లో ఒక పూట నేర్చుకున్నాడట, అంతే.

సుద్దచేతులు:
అనుకున్నా. నేనూ జిమ్ పిల్లనే, అందుకే అడిగాను. ఆటో బిలేలో నువ్వు ఎక్కుతుంటే మెషీనే తాడు లాగేసుకుంటుంది, పడితే మెల్లగా దింపుతుంది. అలా ఎన్నేళ్ళు ఎక్కినా ఇంకొకరి బరువు చేతికి తగలదు. రెండేళ్ళ అనుభవం అనేది అబద్ధం కాదు, కానీ అది ఎక్కే అనుభవం, పట్టే అనుభవం కాదు. ఇవి రెండూ వేరని బయట ఎక్కేవాళ్ళకు తెలియాలి. అందుకే నా ఓటు కూడా మీకు వ్యతిరేకంగానే, సారీ.

మేకలబండ:
ఇంత హంగామా అవసరమా? మా ఊళ్ళో మేకలు కాసే పిల్లలు చెప్పుల్లేకుండా ఇంతకన్నా పెద్ద బండలు ఎక్కి దిగుతారు. మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. మొదట నేర్చుకున్నది భువనగిరి రాళ్ళ మీదే. మీరు యాభై అడుగుల రాయికి కోర్టు పెట్టారు.

నల్లరాయి:
ఆ అమ్మాయీ, ఆమెతో పాటు ఎవరెస్ట్ ఎక్కిన ఆనంద్ కుమారూ భువనగిరిలో కోచ్ కళ్ళ ముందు నేర్చుకున్నారు. అక్కణ్ణుంచి ఎవరెస్ట్‌కు నెలల తరబడి శిక్షణ. మీ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతోంది. మేకల పిల్లలంటారా, వాళ్ళకు ఆ బండ మీద ఏ పొర డొల్లగా మోగుతుందో తెలుసు. డల్లాస్ అబ్బాయికి ఎవరు చెప్పారు?

మేకలబండ:
సరే సార్, మేకల్ని వెనక్కి తోలుకుంటున్నా. 😄

లెక్కలమాస్టర్:
అందరూ మనుషుల్నే నిలదీస్తున్నారు, తాడును ఎవరూ అడగలేదు. పైన ముందే కట్టిన తాడు లేకుండా, తాడును వెంట తీసుకెళ్తూ ఎక్కే లీడ్ క్లైంబింగ్‌కు వాడే డైనమిక్ తాడు సాగేలా తయారు చేస్తారు, పడినప్పుడు నడుము విరగకుండా. సింగిల్ తాడుకు 80 కిలోల బరువు వేలాడదీస్తే సాగుడు 10 శాతం దాటకూడదని నియమం. మామూలుగా ఏడెనిమిది శాతం ఉంటుంది.

యాభై అడుగులంటే పదిహేను మీటర్లు. ఎక్కేవాడి నడుము నుంచి పైకి, పైనుంచి బిలేయర్ దాకా కలిపితే ఎక్కడం మొదలుపెట్టేటప్పుడు తాడు పొడవు ఇరవై ఎనిమిది మీటర్ల దాకా ఉంటుంది. ఏడు శాతం చొప్పున రెండు మీటర్ల సాగుడు. పై కారబైనర్ దగ్గర రాపిడి ఉంటుంది కాబట్టి బిలేయర్ వైపు తాడుకు పూర్తి బరువు అందదు, సాగుడు కొంత తగ్గుతుంది. సగానికి తగ్గినా మీటరు. పాదాలు నడుమెత్తున ఉన్నాయంటున్నారు. అంటే మీ బిలేయర్ అప్పటికప్పుడు బొమ్మలా బిగుసుకుపోయినా సరే, మనిషి నేలకు దిగుతాడు.

విచిత్రం ఏంటంటే, పైకి వెళ్ళే కొద్దీ తాడు పొడవు తగ్గి సాగుడూ తగ్గుతుంది. నలభై అడుగుల ఎత్తులో జారి ఉంటే ఊయల ఊగినట్టు ఊగి నవ్వుకునేవాడు. జనం భయపడేది అక్కడ, దెబ్బ తగిలేది ఇక్కడ.

సుద్దచేతులు:
వావ్. ఇది నాకూ తెలియదు.

నల్లరాయి:
లెక్క సరే మాస్టారూ. కానీ తెలిసిన బిలేయర్ మొదటి పది అడుగుల్లో ఏం చేస్తాడు? రాయికి దగ్గరగా నిలబడి, తాడు బిగించి, నడుముకు కట్టుకున్న హార్నెస్‌లో వెనక్కి కూర్చుంటాడు. తన బరువుతో సాగుడు ముందే కొంత తీసేస్తాడు. వీడియోలో అబ్బాయి నిటారుగా నిలబడి ఉన్నాడా, కూర్చున్నాడా?

ఖాజాగూడ_కోతి:
నిటారుగా. రాయికి నాలుగడుగుల దూరంలో. తాడు కొంచెం వదులుగా వేలాడుతోంది కూడా. ఇంకో సంగతి: వాడు అరవై కిలోలు, ఎక్కినవాడు తొంభై. వాడి మడమలు నేల వదిలి లేచాయి.

నల్లరాయి:
ముప్ఫై కిలోల తేడా! బిలేయర్‌ని వెనక రాయికి కట్టాలని కూడా తోచలేదా?

సెలవుకొచ్చినోడు:
నేను అవతలి వైపు మనిషిని. ఏటా మూడు వారాలు వస్తాను, ఎవరో ఒకరు ఎక్కడికో తీసుకెళ్తారు. అక్కడ జరిగేది చెప్తా వినండి. పదేళ్ళ తర్వాత కలిసిన ఫ్రెండ్ "వచ్చుగా?" అంటే ఎవడూ "రాదు" అనడు. ఆ ప్రశ్నలోనే "వచ్చు" అనే జవాబు ఉంది. వాడి మొహమాటం వాడిది. ఇటు పిలిచినవాడికీ మొహమాటమే: "ఏదీ, చేసి చూపించు" అంటే పరీక్ష పెట్టినట్టుంటుందని. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది, ఇక్కడ పూర్తిగా రాయడం బాగోదు.

కోతి గారూ, "వచ్చుగా" బదులు "ఎప్పుడు, ఎవరికి, ఎన్నిసార్లు పట్టావ్" అని అడిగి ఉంటే జవాబు వేరేగా వచ్చేది. నేను కూడా కయాకింగ్ వచ్చని చెప్పి ఒకసారి పడవ బోర్లా వేశాను.

సుద్దచేతులు:
"వచ్చుగా" లోని ఆ "గా" మీదే కేసు పెట్టాలి. 😂

మేకలబండ:
ఒకటి అడుగుతా, కోపం వద్దు. టాప్ రోప్‌కు సాగని తాడు వాడొచ్చుగా?

లెక్కలమాస్టర్:
వాడతారు. సెమీ స్టాటిక్ అని, చాలా తక్కువ సాగుతుంది. పైన యాంకర్ (తాడు వేలాడే ఆధారం) ఉండి, బిలేయర్ వదులు లేకుండా చూసుకుంటే అదే మేలు. అదే తాడుతో లీడ్ మాత్రం చేయకూడదు, పడితే తాడు విరగదు, మనిషి విరుగుతాడు. చాలామంది ఒకటే తాడు కొంటారు, అది డైనమిక్ అయి ఉంటుంది.

ఖాజాగూడ_కోతి:
నాదీ అంతే. ఒకటే తాడు.

మాస్టారి లెక్క చూశాక నిద్ర పట్టలేదు. మొన్న ఆదివారం మా బావమరిదిని తీసుకుని అదే రాయి దగ్గరికెళ్ళా. అదే తాడు, అదే యాంకర్. ఆ పుచ్చకాయ రాయిని ముందు పక్కకు దొర్లించా. నేను డెబ్భై ఆరు కిలోలు, వాడు అరవై రెండు. పాదాలు నడుమెత్తుకు వచ్చాక చెయ్యి వదిలేశా. మొదటిసారి వాణ్ణి పూణే వాడిలాగే నిలబడమన్నా. కాళ్ళు నేలకు ఆనాయి, మోకాళ్ళు వంగాయి కూడా. రెండోసారి నల్లరాయి గారు చెప్పినట్టు రాయి పక్కకొచ్చి తాడు మీద కూర్చోమన్నా. ఈసారి మోకాలెత్తున ఆగాను. మూడోసారీ అంతే.

వీడియోలు రెండూ గ్రూపులో పెట్టా. తాడు వదిలేయలేదని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు. డల్లాస్ వాడి భార్య పాత మెసేజ్ తీసేసింది. పూణే వాడు మాత్రం ఇంకా ఏమీ మాట్లాడలేదు, రెండు టిక్కులు నీలం అయ్యాయంతే.

నల్లరాయి:
చేసి చూశారు, మెచ్చుకోవాలి. కానీ మీ ప్రయోగం నా మాటే చెప్తోంది. కూర్చుని ఉంటే ఆగేవాడు. అది బిలేయర్ పని, బిలేయర్‌కు చెప్పాల్సింది మీరు.

లెక్కలమాస్టర్:
మోకాలెత్తున ఆగింది డెబ్భై ఆరు కిలోలకు. తొంభై కిలోలకు, అదీ కొంచెం వదులు తాడుతో, ఎంత మిగిలేదో చెప్పలేం. నేను ఇప్పటికీ తాడు వైపే.

సెలవుకొచ్చినోడు:
పూణే ఆయనకు గ్రూపులో కాదు, విడిగా ఫోన్ చెయ్యండి. "నేనే చూసుకోవాల్సింది" అని ఒక్క ముక్క చాలు. పదకొండు మంది ముందు పోయిన పరువు వీడియోతో తిరిగి రాదు.

ఖాజాగూడ_కోతి:
చేశా. ఎత్తలేదు. రాత్రికి మళ్ళీ చేస్తా.

సుద్దచేతులు:
అన్నా, పొద్దున్నుంచి ఒకటి అడగాలా వద్దా అనుకుంటున్నా. శనివారం ఖాజాగూడలో క్రాష్‌ప్యాడ్ వేశామన్నారు. ఆదివారం మొదటి పది అడుగులకు దాన్ని కింద పరిచి ఉంటే ఆ రాయి అంచు కాలికి తగిలేదే కాదు కదా. ఆ రోజు అది ఎక్కడుంది?

ఖాజాగూడ_కోతి:
కారు డిక్కీలో. "తాడుంది కదా, ఇదెందుకు మోయడం" అన్నది నేనే.