అప్‌డేట్: చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలి?

నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలని, చేప ముక్క విరగకుండా ఏం చేయాలని నేను అడిగిన ప్రశ్నకు సమాధానమిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. కావలిలోని మా ఇంట్లో ఆదివారం మీరు చెప్పిన పద్ధతిలోనే వండాను. ఉల్లిపాయ, టమాటా మగ్గాక చింతపండు పులుసు పోసి, అది బాగా మరిగి నూనె పైకి తేలిన తరువాతే కొరమీను ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా మట్టి దాకను గుడ్డతో పట్టి తిప్పడం వల్ల ఒక్క ముక్క కూడా విరగలేదు. ఉలవపాడు నుంచి తెచ్చిన పచ్చికాయ బాగా పుల్లగా ఉన్నందున చింతపండు సగానికి తగ్గించి, మామిడి ముక్కలను చేప సగం ఉడికాక వేశాను. అవి మెత్తబడ్డాయి గాని కరిగిపోలేదు. దించే ముందు చల్లిన మెంతులు, ధనియాల పొడి వాసనకు పక్కింటి పిన్నిగారు గిన్నెతో సహా వచ్చారు. మరునాడు తింటే రుచి పెరుగుతుందన్న సలహాను మాత్రం, రాత్రికే దాక ఖాళీ అయినందున, పరీక్షించలేకపోయాను.