అప్‌డేట్: రాజమండ్రి, కాకినాడల మధ్య ఊళ్లు ఎటు మొగ్గుతాయి?

రాజమండ్రి ప్రభావం ఎక్కడ ఆగి కాకినాడది ఎక్కడ మొదలవుతుందో మ్యాప్ మీద గీయడం ఎలా అని అడిగాను కదా. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు రైలీ సూత్రమే వేశాను (1931 నాటిది, ఒక ఊరు జనాన్ని ఎంత లాగుతుందో తెలియడానికి దాని జనాభాను దూరం వర్గంతో భాగించడం; రెండూ సమానమయ్యే చోట గీత). 2011 లెక్కల్లో రాజమండ్రి 3.41 లక్షలు, కాకినాడ 3.12 లక్షలు. రోడ్డు దూరం సుమారు 60 కి.మీ. అనుకుంటే గీత కాకినాడకు 29 కి.మీ. దూరంలో పడింది. అంటే దాదాపు సగం దారి. ఇది చెప్పడానికి ఫార్ములా ఎందుకండీ!

హఫ్ మోడల్‌కి మారాక అసలు మజా మొదలైంది. అందులో గీత ఉండదు, ఒక్కో ఊరి జనం ఎటు వెళ్లే అవకాశం ఎంతో శాతంలో వస్తుంది. ఒకాయన చెప్పినట్టు కిలోమీటర్ల బదులు ప్రయాణ సమయం పెట్టాను. రైల్వే మెయిన్ లైన్ సామర్లకోట మీదుగా పోతుంది, కాకినాడకి బ్రాంచి లైనే. దాంతో మెయిన్ లైన్ మీదున్న అనపర్తి, బిక్కవోలు రాజమండ్రి వైపు జరిగాయి.

పనిని బట్టి విడగొడితే ఇంకా తేడా. పెళ్లి బట్టలకి రాజమండ్రిలోని తాడితోట లాగుతుంది, పెద్దాసుపత్రి అంటే కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వాసుపత్రి). 2022లో జిల్లాలు విడిపోయాక అనపర్తి వాళ్లకి కలెక్టరేటూ రాజమండ్రే. ఇది ఏ ఫార్ములాకీ అందదు, విడిగా కలపాల్సిందే.

ఈ రెండింటి మధ్యే ఉన్న ద్వారపూడి మాత్రం ఇంకా తేలలేదు. ఊరు చిన్నదే, కానీ బట్టల కోసం చుట్టుపక్కల జనమంతా అక్కడికే వస్తారు. జనాభా బదులు షాపుల సంఖ్య వేద్దామనుకుంటున్నా. ఎవరైనా అలా చేసి ఉంటే చెప్పండి.