కుందేళ్ళని రాత్రిపూట చూడ్డానికి తక్కువ రేటులో నైట్ విజన్ మోనోక్యులర్ (ఒంటి కంటికి పెట్టుకునే బైనాక్యులర్) ఏది బెటర్?

బాలన్_బావ

అందరికీ నమస్తే. మేం రెండేళ్ళ కింద మెల్‌బోర్న్ వెస్ట్‌లో ఇల్లు అమ్మేసి బాలన్ అనే ఊరి దగ్గర 5 ఎకరాలు కొన్నాం, గాలికి అడ్డంగా ఉంటాయని ఫెన్స్ పొడవునా 120 మొక్కలు పెట్టాం, మా ఆవిడ ఓ పక్కన గోంగూర తోటకూర వేసింది. పొద్దున లేచి చూస్తే మొక్కలన్నీ ఏటవాలుగా కత్తెర పెట్టి కోసినట్టు ఉన్నాయి. గోంగూర అయితే కాడలే మిగిలాయి. పగలు ఒక్క కుందేలు కూడా కనబడదు, రాత్రి టార్చ్ వేస్తే రెండు తోకలు తెల్లగా మెరిసి మాయం. ఎన్ని ఉన్నాయో ఎటు నుంచి వస్తున్నాయో తెలిస్తే ఆ బొరియల సంగతి చూసే కాంట్రాక్టర్‌ని పిలుద్దామని. నాకు గన్ లేదు, కొనే ఉద్దేశం కూడా లేదు, ఊరికే చూడ్డానికే.

ఆన్‌లైన్‌లో 250 డాలర్లకి డిజిటల్ నైట్ విజన్ దొరుకుతోంది, థర్మల్ అంటే ఏడెనిమిది వందల పైమాటే. బడ్జెట్ 400 అనుకున్నా, మరీ అవసరమైతే ఇంకొంచెం లాగుతా, ఆవిడకి చెప్పకుండా. రెండిటికీ తేడా ఏంటో ఎవరైనా వాడినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత_లెన్స్

బావ గారూ, మొదట ఒకటి క్లియర్ చేసుకోండి, డిజిటల్ నైట్ విజన్ అంటే చీకట్లో చూసే వీడియో కెమెరా, అంతే. దానికి వెలుతురు కావాలి కాబట్టి మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లైట్ ఒకటి దాంట్లోనే పెడతారు. థర్మల్‌కి ఏ లైటూ అక్కర్లేదు, జంతువు ఒంటి వేడినే చూస్తుంది. కుందేలు గడ్డి రంగులోనే ఉంటుంది, కదలకుండా కూర్చుంటే డిజిటల్‌లో మీరు దాని మీదుగానే చూపు తిప్పేసి వెళ్ళిపోతారు. థర్మల్‌లో అయితే చల్లటి నేల మీద బల్బు పెట్టినట్టు కనబడుతుంది. నేను ముందు డిజిటల్ కొని ఆరు నెలలు తిప్పలు పడి తర్వాత థర్మల్ కొన్నా. ఆ మొదటి డబ్బులు దండగే.

ఇంకోటి, మీ ఏరియాలో రాత్రి మంచు, తుంపర ఎక్కువ కదా, డిజిటల్‌లో ఆ ఇన్‌ఫ్రారెడ్ లైట్ మంచు చుక్కలకీ దగ్గర ఉన్న గడ్డికీ తగిలి వెనక్కి కొడుతుంది, స్క్రీన్ అంతా తెల్లగా అయిపోతుంది. హెడ్‌లైట్ హైబీమ్ వేసుకుని పొగమంచులో కారు నడిపినట్టు అన్నమాట.

నిద్రరాని_రైతు

లెన్స్ అన్న చెప్పింది కరెక్టే కానీ 5 ఎకరాలకి థర్మల్ దాకా ఎందుకండీ, నేను 300 డాలర్ల డిజిటల్‌తోనే మూడేళ్ళుగా లాగిస్తున్నా. చూడాల్సింది దాని లైట్ వేవ్‌లెంత్. 850 నానోమీటర్లది అయితే దూరం బాగా పడుతుంది కానీ ఎదురుగా ఉన్నవాళ్ళకి సన్నగా ఎర్ర చుక్క కనబడుతుంది, 940ది అయితే అసలు కనబడదు కానీ దూరం బాగా తగ్గిపోతుంది. నేను 850 వాడతా, కుందేళ్ళు పెద్దగా పట్టించుకోవు, వాటికి మన అడుగుల చప్పుడుతోనే ప్రాబ్లం. గాలి మీ మొహానికి కొట్టేటట్టు నడవండి.

పాత_లెన్స్

@నిద్రరాని_రైతు, పొట్టి గడ్డి ఉన్న చోట మీ మాట ఒప్పుకుంటా. బావ గారిది ఎలాంటి నేలో మరి.

రేంజ్ సంగతి కూడా చెప్పాలి, ఇక్కడే అందరూ మోసపోతారు. బాక్స్ మీద "డిటెక్షన్ 500 మీటర్లు" అని రాస్తారు, అది నిలబడ్డ మనిషి లెక్క, అదీ ఏదో ఉంది అని తెలియడం వరకే. మీ 5 ఎకరాలు చదరంగా ఉంటే ఒక్కో వైపు 142 మీటర్లే, మధ్యలో నిలబడితే మూలకి 100 మీటర్లు. 12 మైక్రాన్ సెన్సార్‌కి (అంటే ఒక్కో పిక్సెల్ సైజు 12 మైక్రాన్లు) 15 మి.మీ. లెన్స్ ఉంటే 100 మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ 8 సెంటీమీటర్లు కవర్ చేస్తుంది, అదే 10 మి.మీ. లెన్స్ అయితే 12 సెంటీమీటర్లు. కూర్చున్న కుందేలు ఓ 25 సెంటీమీటర్ల ఎత్తు వేసుకోండి, 15 లెన్స్‌లో మూడు పిక్సెళ్ళు, 10 లెన్స్‌లో రెండు. రెండు పిక్సెళ్ళంటే అది కుందేలో పిల్లో పాసమో (ఇక్కడ రాత్రిళ్ళు తిరిగే చెట్ల జంతువు) చెప్పలేం. 50 మీటర్లలో అదే కుందేలు 15 లెన్స్‌లో ఆరు పిక్సెళ్ళు అవుతుంది, అప్పుడు చెవులు కూడా తెలుస్తాయి. అందుకని 256 ఇంటూ 192 పిక్సెళ్ళ సెన్సార్, 15 లెన్స్ ఉన్నది చాలు, 384 దాకా పోవద్దు. హిక్‌మైక్రోలో, ఇంకా చాలా కంపెనీల్లో ఎంట్రీ మోడల్స్ ఇలాంటివే. ఎన్.ఇ.టి.డి. అని రాసి ఉంటుంది చూడండి, ఎంత చిన్న వేడి తేడాని పట్టగలదో మిల్లీకెల్విన్‌లలో చెప్పే లెక్క అది, ఆ నంబర్ ఎంత తక్కువైతే అంత మంచిది, తడి రాత్రుల్లో తేడా అక్కడే తెలుస్తుంది. బ్యాటరీ బయటికి తీసి మార్చుకునేది అయితే మరీ మంచిది. డిజిటల్ జూమ్ 8 రెట్లు, 16 రెట్లు అంటారు, ఆ జూమ్ ఉత్తదే, చుక్కని సాగదీసి పెద్ద చుక్క చేస్తుంది.

అనంత_శెనక్కాయ

అన్నా మాది అనంతపురం పక్క. మాకు శెనక్కాయ మొలకల టైంలో ఇదే గోల, మా ఊళ్ళో చెవులపిల్లి అంటారు. మావాడొకడు దుబాయ్ నుంచి థర్మల్ తెస్తే ఎండాకాలం ట్రై చేశాం, రాత్రి తొమ్మిది దాకా ప్రతి బండరాయీ కుందేలే! రాళ్ళు పగలంతా కాగి ఉంటాయి కదా, అవి చల్లారేదాకా ఏమీ తెలీదు, తెల్లారుజామున నాలుక్కి చూస్తే మాత్రం సూపర్. ఇంకోటి, ఇక్కడ మనవాళ్ళు ఇది చదివి కొనేసి వేటకి పోయేరు, మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద కుందేలుని వేటాడితే కేసే. మేం చూసి, డబ్బా కొట్టి తరిమేది మాత్రమే.

గీలాంగ్_అక్క

తమ్ముడూ బాలన్, ఇక్కడ సీన్ రివర్స్. ఆస్ట్రేలియాలో కుందేలు పరాయి జంతువు, మన విక్టోరియా రాష్ట్రంలో మన స్థలంలో ఉన్నవాటిని కంట్రోల్ చేయాల్సిన బాధ్యత ఓనర్‌దే, 1994 చట్టం ఉంది. అసలీ గోల మొదలైంది మీకూ మాకూ దగ్గర్లోనే, వించెల్సీ పక్కన బార్వన్ పార్క్‌లో. 1859లో థామస్ ఆస్టిన్ అని ఓ దొర వేట సరదాకి ఇంగ్లండ్ నుంచి రెండు డజన్లు తెప్పించుకున్నాడు. వీటిని చంపడానికి 1950లో మిక్సోమా వైరస్ వదిలారు, 1995లో క్యాలిసీ అనే ఇంకో వైరస్ ఓ దీవి మీద టెస్టింగ్‌లో ఉండగానే తప్పించుకుని దేశమంతా పాకింది, అయినా ఇవి మన గోంగూర దాకా వచ్చాయి చూడు.

కొనేముందు ఒక్క వీకెండ్ ఎవరి దగ్గరైనా అడిగి వాడి చూడు. మీ లోకల్ ల్యాండ్‌కేర్ గ్రూప్‌లో (నేల బాగోగులు చూసుకునే ఊరివాళ్ళ సంఘం) ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. కారులో కూర్చుని చూద్దామనుకుంటే అద్దం దించాల్సిందే, థర్మల్‌కి గాజు గోడలాంటిది, లోపల నీ మొహమే కనబడుతుంది (మా ఆయన పది నిమిషాలు తిట్టుకున్నాక తెలిసింది). పక్కింటివాళ్ళకి ముందే చెప్పు, రాత్రి పన్నెండుకి ఎవడో ఏదో కంటికి పెట్టుకుని తమ ఇంటివైపు చూస్తున్నాడంటే పోలీసుల్ని పిలుస్తారు. ఈలోపు మొక్కల చుట్టూ 40 మి.మీ. కన్నా చిన్న కన్ను ఉన్న వైర్ మెష్ 90 సెంటీమీటర్ల ఎత్తు కట్టు, కింద అంచు బయటివైపు వంచి మట్టి కప్పు. అది లేకుండా మోనోక్యులర్ కొంటే అవి తింటుంటే హెచ్‌డీలో చూసినట్టు ఉంటుంది అంతే 😄

బాలన్_బావ

అందరికీ థాంక్స్. అక్క చెప్పినట్టు ల్యాండ్‌కేర్‌లో ఒక పెద్దాయన తన థర్మల్ రెండ్రోజులు ఇచ్చాడు, 15 లెన్స్‌దే. మాది మోకాలెత్తు గడ్డి, @నిద్రరాని_రైతు గారూ సారీ, నాకు డిజిటల్ కుదరదు. గడ్డి మరీ దట్టంగా ఉన్న చోట థర్మల్‌లో కూడా ఏం తెలీలేదు, ఫెన్స్ వెంట ఖాళీ ఉన్న చోటే కనబడ్డాయి.

నిన్న రాత్రి పదకొండుకి లెక్కపెట్టా, 14. నేను రెండో మూడో అనుకున్నా! ఒక్కోటీ ఎటు పోయిందో ఫోన్ మ్యాప్‌లో పిన్ పెట్టుకుని పొద్దున వెళ్ళి చూస్తే మా నేలలో ఉన్నవి రెండే బొరియలు, రెట్టల కుప్పలు కూడా ఉన్నాయి. మిగతావన్నీ పక్కాయన షెడ్ వెనక పాత కట్టెల కుప్ప కిందికి దూరుతున్నాయి. ఆయనేమో మొన్ననే నాతో ఫెన్స్ దగ్గర నిలబడి మా వైపు ఒక్క కుందేలు లేదు, అన్నీ మీ నుంచే వస్తున్నాయి అని క్లాస్ పీకాడు. రికార్డ్ చేసిన వీడియో ఉంది నా దగ్గర, ఆయనకి చూపిస్తే మీ ఇంటివైపు రాత్రంతా చూశానని ఒప్పుకున్నట్టు అవుతుంది. అక్కా, ఏం చేయమంటావ్?