"వేట మాంసం"లో వేట ఎక్కడిది?

విజయవాడ సభ్యుని ప్రశ్న:
మేక, గొర్రె మాంసం అమ్మే మన కొట్ల బోర్డుల మీద "వేట మాంసం" అని రాస్తారు కదా. దొడ్డిలో పెరిగిన జీవానికి వేటతో ఏం పని?

గుంటూరు నుంచి:
ఇది అడవిలో తరిమే వేట కాదండీ, పాత మాట "ఏట". నిఘంటువుల్లో ఏట అంటే పొట్టేలు, ఏడిక అన్నా అదే. తమిళంలో యాడు, ఆడు, కన్నడంలో ఆడు దీనికి చుట్టాలు. పొట్టేలుకే తగరు అని ఇంకో పేరుంది. కన్నడంలో టగరు ఈనాటికీ వాడుకలో ఉంది, మన దగ్గర పుస్తకాల్లోనే మిగిలింది.

విజయవాడ:
ఏట వేట ఎలా అవుతుందండీ? ఏరును యేరు అంటాం, ఒకటిని వొకటి అంటాం. ఏ ముందు వచ్చేది యకారం, వకారం కాదు. మొక్కిన పోతు ఒక్క వేటుకు తెగాలంటారు. ఆ "వేటు" నుంచే వచ్చిందేమో.

గుంటూరు:
ఉచ్చారణ ఒక్కదాని వల్ల అయ్యే మార్పు కాదు, మీ మాట నిజమే. కానీ వేటు అనేది దెబ్బకు పేరు. మనవాళ్లు "వేటను తెచ్చారు", "వేటపోతు" అన్నప్పుడు చెప్పేది జీవాన్ని. ఏటపోతు అనేవాళ్లూ ఉన్నారు. ఏట అర్థం మరుగున పడ్డాక, అందరికీ తెలిసిన వేట ఆ చోటు ఆక్రమించిందనే నేను నమ్ముతున్నాను.

మాచర్ల వైపు నుంచి:
మందలో ఏట అన్న మాటా వినపడదు, తగరు అన్నదీ వినపడదు. పొట్టేలు అంటారు, మందలో గొర్రెలను చూలు కట్టించడానికి ఉంచింది "విత్తనపు పొట్టేలు". ఈ మాటలో చాలా పని ఉంది. పాతిక ముప్ఫై గొర్రెలకు ఒకటి చాలు. ఏడాదిన్నర దాటి, ముందు రెండు పాలపళ్లు రాలి పెద్ద పళ్లు వచ్చినదాన్ని ఎంచుకోవాలి. రెండు విత్తులూ (వృషణాలు) సంచిలోకి దిగి, సమానంగా, గట్టిగా ఉండాలి. ఒకటే దిగినదాన్ని ఎంత ఒడ్డూ పొడుగూ ఉన్నా విత్తనానికి ఉంచకూడదు, ఆ లోపం పిల్లలకూ రావచ్చు. రెండేళ్లకోసారి మార్చాలి. లేకుంటే దాని కూతుళ్లే ఎదకు (జతకట్టే దశకు) వచ్చి దానికే కడతాయి, పిల్లలు బక్కగా పుట్టి ఎక్కువ చస్తాయి.

మందలో వదిలేటప్పుడు పొట్టేలు రొమ్ముకు నూనెలో కలిపిన ఎర్రమన్ను పూస్తే, అది ఎక్కి దాటిన గొర్రె నడుము మీద మరక పడుతుంది. గొర్రె ఎద సుమారు 17 రోజులకోసారి తిరుగుతుంది కాబట్టి, అన్ని రోజులకు రంగు మార్చాలి. పాత మరక మీద కొత్త రంగు చాలా గొర్రెలకు పడిందా, అవి చూలు కట్టలేదన్నమాట. ముందు పొట్టేలునే అనుమానించండి. ఎండదెబ్బో జ్వరమో తగిలితే పైకి కోలుకున్నా, వీర్యం బాగుపడడానికి ఏడెనిమిది వారాలు పడుతుంది. కట్టిన గొర్రె 147 నుంచి 150 రోజులకు ఈనుతుంది.

విజయవాడ:
"కొండను పొట్టేలు ఢీకొన్నట్టు" అనే సామెత మందలో చూసి పుట్టిందేనా?

మాచర్ల:
అంతేనండీ. ఢీకొనే ముందు పొట్టేలు తలవంచి నాలుగడుగులు వెనక్కి వేస్తుంది. అది పారిపోవడం కాదు, ఊపు తీసుకోవడం. అందుకే కొత్త పొట్టేలును పాతదాని దొడ్డిలోకి నేరుగా వదలరు. కొమ్ము మొదట్లో చీలితే ఈగ వాలి పురుగు పడుతుంది. రెండింటినీ ఒకటి రెండు రోజులు ఇరుకు చోట కట్టేస్తే వెనక్కి వెళ్లే జాగా ఉండదు, దెబ్బలో బలం ఉండదు.